ఐదో కథలో ఒక వాక్యం

నా పుస్తకంలో ఐదో కథ చివర ఒక వాక్యం ఉంది. పశువుల బేరం చేసే మనిషి సాయంత్రం ఇంటికొచ్చి గడప బయట చెప్పులు విడుస్తాడు. ఆ చెప్పులకు నల్లమట్టి అంటి ఉంది, ఆ ఊళ్ళో నల్లమట్టి ఉన్న చోటు ఒక్కటే అని రాసి కథ ఆపేశాను. చదివినవాళ్ళలో ఎక్కువమంది నాతో ఆ వాక్యం గురించే మాట్లాడారు. బాగుందన్నారు. అది రాసినందుకు ఒక మనిషికి ఊళ్ళో పని లేకుండా పోయింది. అసలు జరిగిందేమిటో వరసగా చెప్పడానికి ఇది రాస్తున్నాను.

2009 నాటికి నేను శామీర్‌పేట నుంచి కీసర వైపు పోయే దారిలో ఒక పల్లెలో పశువుల ఆసుపత్రి సహాయకుణ్ణి. అసలు డాక్టరు వారంలో ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. సూదులు వేసేదీ, మందులిచ్చేదీ నేనే కాబట్టి ఊళ్ళో అందరికీ నేనే డాక్టరును. ఇల్లు మేడ్చల్‌లో, రైల్వే స్టేషన్ వెనక. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. బస్సు దొరక్కపోతే షేర్ ఆటో.

ఆ ప్రయాణాల్లో చదువుకోవడానికి మేడ్చల్ గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెచ్చుకునేవాణ్ణి. ఒకసారి అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి దొరికింది. మొదటి పేజీలు కూడా లేవు. పేరేమిటో, రాసిందెవరో ఇప్పటికీ తెలియదు. కథల సంపుటి అనుకున్నాను. ఒక్కో కథ ఒక్కో బస్సు ప్రయాణానికి సరిగ్గా సరిపోయేది. మొదటి కథలో ఒక దర్జీ కోటు కుడుతూ ఉంటాడు. ఒక గుండీ తక్కువ పడితే తన చొక్కా గుండీ తెంపి దానికి కుడతాడు. ఆ కథ అక్కడితో అయిపోయింది, నేనూ దాన్ని మర్చిపోయాను. నాలుగో కథలో ఒక ముసలాయన కోర్టు వరండాలో కూర్చుని ఉంటాడు. ఆయన వేసుకున్న పాత కోటుకు ఒక గుండీ వేరే రంగు. ఆ గుండీ కథ నాకు తెలుసు. ఆ వరండాలో ఉన్నవాళ్ళెవరికీ తెలియదు, వేసుకున్నాయనకీ తెలియదు. రాసినవాడు ఒక్క ముక్క చెప్పడు. నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది. రెండు కిలోమీటర్లు వెనక్కి నడిచాను, దారంతా ఆ గుండీ గురించే.

అది సంపుటి కాదు, కథలు అల్లుకున్న నవల. తర్వాత అలాంటి నవలల కోసమే వెతికేవాణ్ణి. వాటిలో నాకు నచ్చింది ఒకటే. మామూలు నవల ఒక మనిషి వెంట పడి పోతుంది. మిగతావాళ్ళంతా అతనికి మంచినీళ్ళివ్వడానికో, అతన్ని మోసం చేయడానికో పుట్టినట్టుంటారు. కథలు అల్లుకున్న నవలలో అలా కాదు. ఒక కథలో లోకమంతా తన చుట్టూ తిరిగిన మనిషి, ఇంకో కథలో టికెట్ల వరసలో మన ముందు నిలబడ్డ వీపు మాత్రమే. అతని మనసులో ఏముందో మనకు తెలిసే ఉంటుంది. ఒక కథకూ ఇంకో కథకూ మధ్య రాసినవాడు వదిలేసిన చోటులో చదివేవాడు తనంతట తాను ముడి వేసుకుంటాడు. తాను వేసుకున్న ముడి గనక దాన్ని గట్టిగా నమ్ముతాడు. ఈ చివరి మాటకు అర్థం అప్పుడు నాకు పూర్తిగా తెలియదు.

నా ఉద్యోగం కూడా కొంచెం అలాంటిదే. ఒక ఇంట్లో నేను సూది వేసిన బర్రె ఆరునెలల తర్వాత ఇంకో ఊళ్ళో, ఇంకెవరిదో కొట్టంలో నన్ను గుర్తుపట్టి వెనక్కి జరిగేది. పాత ఇంట్లో దాన్ని ఎందుకు అమ్మారో నాకు తెలుసు, కొత్త ఇంట్లోవాళ్ళకు తెలియదు. పశువు ఒక కథలోంచి ఇంకో కథలోకి నడిచి వెళ్ళేది. దాని తాడు పట్టుకుని నడిపించేది ఎప్పుడూ ఒకే మనిషి.

ఆయన ఆ ఊరి ముస్లిం. వాళ్ళ నాయిన కాలం నుంచీ పశువుల బేరమే. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. పెద్దవాళ్ళు సాయిబు అనేవారు, చిన్నవాళ్ళు చాచా అనేవారు. భుజం మీద ఎప్పుడూ ఒక ఆకుపచ్చ తువ్వాల ఉండేది. మా వైపు వారం వారం జరిగే అంగట్లో పశువుల బేరం నోటితో చేయరు. అమ్మేవాడూ కొనేవాడూ తువ్వాల కింద చేతులు పెట్టి ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఎన్ని వేళ్ళు పడితే అంత. మొహాల్లో ఏమీ కనబడనివ్వరు. చుట్టూ ఎంతమంది మూగినా లోపల ఏం జరిగిందో ఆ ఇద్దరికే తెలుస్తుంది. సాయిబు చెయ్యి పట్టుకుంటే మోసం ఉండదని ఊళ్ళో నమ్మకం. రెండు వైపులా ఆయన్నే మధ్యలో పెట్టుకునేవారు.

ఒకసారి బేరం తెగాక ఒక ఆటో డ్రైవరు అడిగాడు.

"ఎంతకు తెగింది చాచా?"

"నా తువ్వాలను అడుగు."

"నీ తువ్వాలకు నోరు లేదు గద."

"అందుకే దాన్ని పెట్టుకున్న. నీ లెక్క నోరుంటే ఎప్పుడో బావిల పారేద్దును."

ఆ ఆటో డ్రైవరు తల్లితో కలిసి ఊరి చివర ఉండేవాడు. తల్లిని నేనూ అవ్వా అనే పిలిచేవాణ్ణి. భర్త లేడు. ఒక పాడిబర్రె, దానికి పుట్టి పెరిగిన ఒక పడ్డ, అంతే ఆమె ఆస్తి. బర్రెకు ఒక కొమ్ము కిందికి వంగి ఉండేది.

ఇక ఆ రోజు సంగతి.

తొలివాన పడిన మర్నాడు. వానలు ముదరకముందే గొంతువాపు టీకాలు వేయాలని ఊళ్ళోకి వెళ్ళాను. సాయిబు నాతో వచ్చాడు. ప్రతి ఏడూ వచ్చేవాడు. ఏ ఇంట్లో ఏ పశువు తంతుందో ఆయనకు తెలుసు, పట్టుకునేదీ ఆయనే. అవ్వ కళ్ళు చూపించుకోవడానికి మేడ్చల్ పోయింది. కొడుకు ఆటో మీద ఉన్నాడు. ఊరి చివర రోడ్డు మీద నడుస్తుండగా సాయిబు ఆగాడు.

"డాక్టర్ సాబ్, గా జొన్నల ఉన్నది అవ్వ బర్రె గాదూ?"

ఆ ఊరి చుట్టుపక్కలంతా ఎర్రమట్టే. కుంట కింద ఒక్క పొలం చెక్క మాత్రం నల్లమట్టి. అందులో కోసేసిన జొన్న మోళ్ళకు ఎండల్లో పిలకలు వచ్చి వాడిపోయి, వాన పడగానే మళ్ళీ పచ్చగా లేచాయి. ఆ పిలకలు విషం. పశువు కడుపు నిండా తింటే గంట కూడా బతకదు. ఆ సంగతి నాకూ తెలుసు, సాయిబుకూ తెలుసు. వంగిన కొమ్మును బట్టి బర్రె అవ్వదేనని తెలిసింది. మెడలో తెగిన తాడు వేలాడుతోంది.

నేను ఏదో అనేలోపు సాయిబు పొలంలోకి దిగి పరుగెత్తాడు. నేను మందుల పెట్టెతో రోడ్డు మీదే నిలబడ్డాను. వానకు తడిసిన నల్లమట్టి పిండిలా ఉంది. ఆయన కాళ్ళు చీలమండల దాకా దిగబడుతున్నాయి. తాడు పట్టుకుని లాగాడు, వీపు మీద చరిచాడు, ఉర్దూలో తిట్టాడు, బతిమాలాడు. ఎలాగో గట్టు దాకా తెచ్చాడు. గట్టు మీదకు రాగానే బర్రె కూలబడింది. నోట్లో నురగ. దానికి కావలసిన సూది నా పెట్టెలో లేదు. ఉన్నవేవో వేశాను. సాయిబు రోడ్డు పక్క టీ హోటల్ నుంచి బెల్లం తెచ్చి నీళ్ళలో కలిపి వెదురు గొట్టంతో గొంతులో పోశాడు. కాసేపటికి అది చచ్చిపోయింది.

అవ్వ వచ్చేసరికి మధ్యాహ్నమైంది. బర్రె పక్కన కూర్చుని దాని చెవి పట్టుకుంది.

"పొద్దుగాల పాలు పిండి పోతిని. నా చెయ్యి నాకింది గూడ," అంది. నా వైపు తిరిగి అడిగింది. "ఎట్లొచ్చింది బిడ్డా గీ చేన్లకు?"

"తాడు తెంపుకొని వచ్చిందవ్వా," అన్నాను.

ఆమె ఇంకేమీ అడగలేదు. సాయిబు పక్కన ఒక రాయికి చెప్పులు గీకుతున్నాడు. నల్లమట్టి వదలడం లేదు. ఆయన గీకుతూనే ఉన్నాడు. చూడ్డానికి ఇంకేమీ లేనట్టు నేను ఆ చెప్పుల వైపే చూస్తూ నిలబడ్డాను.

రెండు నెలల తర్వాత అవ్వ పడ్డను అమ్మేసింది. తల్లి లేని కొట్టంలో అదొక్కటీ అరుస్తుంటే వినలేకపోతున్నానని తనే సాయిబును పిలిచింది. ఆయన కొన్నాడు. జరిగింది ఇంతే. ఎవరూ ఎవరికీ అన్యాయం చేయలేదు.

ఆ మరుసటి ఏడు నేను పుస్తకం మొదలుపెట్టాను. ఒకే ఊరు, ఏడు ఇళ్ళు, ఏడు కథలు. అన్నిటినీ కలిపేది బేరగాడు. ఒక కథలో గొడ్డును తోలుకుని పోతూ కనిపిస్తాడు, ఇంకో కథలో టీ తాగి లేస్తూ కనిపిస్తాడు. ఐదో కథ మాత్రం పూర్తిగా అతనిది. అతని ఇల్లు, భార్య చేతి పుల్లపప్పు, ఇంటర్ చదివే కూతురు, రాత్రి మడతపెట్టే ఆకుపచ్చ తువ్వాల. రెండో కథ అవ్వది. అందులో బర్రె కుంట కింది నల్లమట్టి చేన్లో జొన్న పిలకలు తిని చస్తుంది, తర్వాత పడ్డను అమ్ముకుంటుంది. పేర్లు మార్చాను. పేర్లు మారిస్తే చాలనుకున్నాను.

రాసింది మేడ్చల్‌లో జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే స్నేహితుడికి చూపించాను. ఆయన నిదానంగా చదివే మనిషి.

"ఐదో కథ బాగుంది గాని గోడకు ఆనకుండా నిలబడ్డ నిచ్చెన లెక్కున్నది," అన్నాడు. "మిగతావాటికి తగుల్తలేదు. ఇగ రెండో కథల బర్రె ఊరికే సచ్చిపాయె. ఎవలకూ సంబంధం లేదా దానికి?"

ఆయన అడిగింది అంతే. ఏం రాయాలో చెప్పలేదు. ఆ రాత్రి నాకు గుండీ గుర్తొచ్చింది, వెంటనే చెప్పులు గుర్తొచ్చాయి. ఐదో కథ చివర ఆ వాక్యం చేర్చాను. రాయి మీద చెప్పులు గీకడం వదిలేశాను, పరుగెత్తడం వదిలేశాను, బెల్లం నీళ్ళు వదిలేశాను. మట్టి ఒక్కటీ ఉంచాను. అది నేను కళ్ళతో చూసిన మట్టి. కల్పించలేదు కదా అనుకున్నాను. రెండో కథనూ ఐదో కథనూ చదివినవాడు ఆ రెంటినీ దగ్గరికి తెచ్చి, పడ్డ చవగ్గా వస్తుందని బేరగాడే బర్రెను చేన్లోకి తోలాడా అని ఒక్క క్షణం ఆగాలి. నాకు కావలసింది ఆ ఒక్క క్షణమే. స్నేహితుడు దాన్ని మళ్ళీ చదివాడు. "ఇప్పుడు పుస్తకమైంది," అన్నాడు.

సొంత ఖర్చుతో అచ్చు వేయించాను. గ్రంథాలయంలో నలుగురి మధ్య ఆవిష్కరణ అయింది. మర్నాడు అవ్వ కొడుకు ఆటో ఎక్కి అతనికి ఒక పుస్తకం నేనే ఇచ్చాను. మీ ఊరి గురించే అని కూడా చెప్పాను. సవారీలు నిండేదాకా ఖాళీగా కూర్చునే సమయంలో అతను కొంచెం కొంచెం చదివాడు. కొన్ని వారాల తర్వాత మేడ్చల్ నుంచి నన్ను ఎక్కించుకుని, నడుపుతూనే మాట్లాడాడు.

"మస్తు రాసినవ్ సార్. పేరు పెట్టకున్నా ఎవలెవలో సమజైంది. అవ్వకు గూడ చదివి చెప్పిన."

"ఏమన్నది?"

"ఏమంటది? రెండు దినాలు బువ్వ తినలే." అద్దంలో నా వైపు చూశాడు. "చాచా చెప్పుల సంగతి మాకు తెల్వనే తెల్వదు. నువ్ జూసినవ్, అప్పుడు చెప్పలే. పోనీ, గిప్పుడన్న చెప్పినవ్."

అక్కడే అతనితో ఆటో ఆపించి, అలా కాదు, ఆ మట్టి ఎలా అంటిందో నేను చెప్తాను విను అని ఉండవలసింది. నేను నవ్వాను. ఇది చెప్పుకోవడానికి చాలా కష్టంగా ఉంది. నాకు సంతోషమేసింది. ఎప్పుడూ నవల చదవని మనిషి, రెండో కథనూ ఐదో కథనూ తనంతట తాను కలుపుకున్నాడు. రాసినవాడు కోరుకునేది అదే కదా. "కథ వేరు, నిజం వేరు" అని ఏదో సణిగాను. ఆటో చప్పుడులో అతనికి వినిపించిందో లేదో. వినిపించేలా చెప్పలేదు.

తర్వాతి టీకాల కాలంలో సాయిబు నాతో రాలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. అంగట్లో ఒకటి రెండుసార్లు పక్కన ఒంటరిగా నిలబడి కనిపించాడు. తువ్వాల భుజం మీద ఉంది. ఊరివాళ్ళు పక్క ఊరి దళారి చుట్టూ మూగి ఉన్నారు. ఇద్దరూ తువ్వాల కింద చేతులు పెట్టాలంటే ముందు ఒకడు చెయ్యి చాపాలి. ఎవరూ చాపడం లేదు. ఎవరూ ఆయన్ను ఏమీ అనలేదు కూడా. అంటే ఆయన జవాబు చెప్పి ఉండేవాడు. నేను దూరం నుంచే చూసి బస్సు వేళయిందని వచ్చేశాను.

2013లో, బక్రీదు దగ్గర పడుతుండగా మేడ్చల్ రోడ్డు పక్కన ఆయన మేకలు కట్టేసుకుని కూర్చుని ఉండగా చూశాను. నగరం నుంచి, సుచిత్ర కూడలి వైపు నుంచి కార్లలో వచ్చినవాళ్ళు అద్దం దించి ధర అడిగి పోతున్నారు. నన్ను చూసి లేచాడు. ఎప్పటిలాగే సలాం చేశాడు.

"మేకలెప్పటి నుంచి?" అన్నాను.

"రెండేండ్లాయె సాబ్. మేకల బేరం మంచిగున్నది. నోటితోనే అయిపోతది. చేతితోని పని లేదు."

ఆయనే మొదలుపెట్టాడు.

"మీ కితాబు నా బిడ్డ చదివి చెప్పింది. మా ఇల్లు మంచిగ రాసిండ్రు. ఖట్టీ దాల్ గూడ రాసిండ్రని మా ఇంటామె ఖుష్ అయింది. ఆఖరుకు వచ్చినంక బిడ్డ చదువుడు బంద్ వెట్టింది. ఏమైందమ్మా చదువు అన్న. చదివింది." మేక ఒకటి తాడు చుట్టుకుంటే విప్పాడు. "చెప్పులు ఎందుకు రాసిండ్రు డాక్టర్ సాబ్?"

"కథ కోసం."

"కథకు చెప్పులు కావాల్నా?"

"రెండు కథలకు ముడి పడాలని..."

"సరే. ముడి వెయ్యుండ్రి. మట్టెట్ల అంటిందో గూడ రాయకపోయిండ్రా? మీరు రోడ్డు మీదనే నిలవడ్డరు గదా, అంతా జూసిండ్రు. కితాబుల జాగ లేకుండెనా?"

ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు. జాగా ఉంది. ఐదో కథ కింద సగం పేజీ ఖాళీగానే ఉంది. మళ్ళీ అచ్చు వేసేటప్పుడు మారుస్తానన్నాను.

"కితాబును నేనేం జేసుకుంట సాబ్? నాకు చదవరాదు. పోయి అవ్వకు చెప్పుండ్రి. ఆమె ముంగట జెప్పుండ్రి. ఆమె నా మొకం జూస్తలేదు."

మర్నాడే వెళ్ళాను. అవ్వ వాకిట్లో కందులు చెరుగుతోంది, కొడుకు ఆటో తుడుస్తున్నాడు. మొదటి నుంచీ చెప్పాను. సాయిబు ముందుగా చూడడం, పరుగెత్తడం, నేను రోడ్డు మీద నిలబడడం, బెల్లం నీళ్ళు, రాయికి చెప్పులు గీకడం. అవ్వ చేట ఆపకుండా విన్నది.

"గప్పుడు గిదే జెప్పినవ్ గద బిడ్డా," అంది. "తాడు తెంపుకొని వచ్చిందని."

"అవునవ్వా. అదే నిజం."

"మరి బుక్కుల గట్ల రాయలే."

"పుస్తకంలో రాసింది తప్పు."

"నోటితోని చెప్పేటప్పుడు మనిషి మొకమాటపడ్తడు. సాయిబు పక్కనే నిలవడె, ఆయన ముంగట ఎట్ల జెప్తవ్? అందుకే అప్పుడు దాసిపెట్టి, సదువుకున్నోనివి గనక తర్వాత నిజం రాసినవనుకున్న. రాసేటప్పుడు ఎవలు అబద్ధం రాస్తరు బిడ్డా? ఎవలు అడిగిండ్రని?"

ఎవరూ అడగలేదు.

కొడుకు గుడ్డ పిండుతూ అందుకున్నాడు. "సార్, తప్పువడితే కోపం జెయ్యకు. రాసినప్పుడు అబద్ధమా, గిప్పుడు జెప్పేది అబద్ధమా? రేపు ఇంకో బుక్కు రాసి గిది గూడ కథే అంటవ్."

"నువ్వూరుకోరా," అంది అవ్వ. చేట కింద పెట్టింది. "బెల్లం ఏడికెళ్ళి తెచ్చిండన్నవ్?"

"హోటల్ నుంచి."

"ఆ... ఆ దినం దాని మూతికి బెల్లం అంటి ఉండె. ఈగలు వాలినయ్. నేనే తుడిచిన." ఆమె నా వైపు చూడలేదు. "నాకు గిది యాదికే లేకుండె. ఎవలు వోసిండ్రు అని గూడ అడగలే."

అవ్వ మళ్ళీ చేట అందుకుంది. నేను వచ్చేశాను.

పుస్తకం రెండోసారి అచ్చయినప్పుడు ఐదో కథ చివర మార్చాను. పొలంలోకి పరుగు, బెల్లం, రాయి, అన్నీ పెట్టాను. జూనియర్ కాలేజీ స్నేహితుడు చదివి, కథ కుంటుతోందన్నాడు. నిజమే, కుంటుతోంది. రెండో కథలోనే తెలిసిన విషయాన్ని ఐదో కథలో మళ్ళీ చెప్పినట్టుంది, చదివేవాడు కలుపుకోవడానికి ఏమీ మిగల్లేదు. కొత్త ప్రతి చదివినవాళ్ళు ఆ కథ ఊసెత్తరు. పాత ప్రతి ఉన్నవాళ్ళు కొందరు, మార్చకుండా ఉండవలసింది అని ఇప్పటికీ అంటారు. పాత ప్రతులు ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో నాకు తెలియదు. వాటిలో సాయిబు ఇంకా చెప్పులకు మట్టితో గడప దగ్గరే నిలబడి ఉన్నాడు. వాటి కోసమే ఈ నాలుగు మాటలు.

అల్లిన కథల నవలలంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. చదువుతూనే ఉన్నాను. ఇప్పుడు మాత్రం ఒక కథలో దర్జీ గుండీ ఇంకో కథలో కనబడితే వెంటనే పేజీ తిప్పను. ఆ కోటు వేసుకున్న మనిషిని ఎవరైనా అడిగి ఉంటే ఏం చెప్పేవాడో అనుకుంటాను.

2014 ఎండాకాలానికి కుంట కింది నల్లచెక్కలో హద్దురాళ్ళు పాతారు. ఊళ్ళో సగం పొలాలు ప్లాట్లయిపోయి మేత కరువైంది. అవ్వ వాళ్ళు తర్వాత కొనుక్కున్న బర్రెను అమ్మేయాలనుకున్నారు. ఆ వారం అంగడికి నేనూ వెళ్ళాను. పని ఉండి కాదు. అవ్వ చెప్పిందట, సాయిబుకే ఇయ్యమని. కొడుకు బర్రెను తోలుకొచ్చి సాయిబు ఎదుట నిలబడ్డాడు. ఆయన దాని పళ్ళు చూశాడు, పొదుగు చూశాడు. చుట్టూ జనం చేరారు. పక్క ఊరి దళారి కూడా వచ్చి నిలబడ్డాడు. సాయిబు భుజం మీది తువ్వాల తీసి చెయ్యి చాపాడు. కొడుకు ఒక్క క్షణం ఆగి, తువ్వాల కింద చెయ్యి పెట్టాడు. ఇద్దరూ ఎటో చూస్తున్నారు. గుడ్డ రెండుమూడుసార్లు కదిలింది. బేరం తెగింది. ఎవరో "అయిపాయె, చాచా మల్లొచ్చిండు" అన్నారు. నలుగురు నవ్వారు. నేనూ నవ్వాను.

జనం చెదిరాక సాయిబు దగ్గరికి వెళ్ళాను. బర్రె మెడకు తన తాడు కడుతున్నాడు.

"చెయ్యి పెట్టిండు గదా," అన్నాను.

"పెట్టిండు సాబ్."

ముడి బిగించి, తువ్వాల దులిపి భుజం మీద వేసుకున్నాడు.

"వేళ్ళయితే ఇచ్చిండు. మునుపటి లెక్క గట్టిగ పట్టలే."